14 వేల సైకిల్‌కీ 42 వేల సైకిల్‌కీ అసలు తేడా ఏంటి? ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?

నిజాంపేట్_టు_కొండాపూర్

ఆఫీసుకి సైకిల్ మీద వెళ్దామని నిర్ణయించుకున్నా. రానూపోనూ 20 కిలోమీటర్ల లోపే. ఆదివారం కుదిరితే ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న ట్రాక్ మీద ఒక రౌండ్. నిన్న షాపుకి వెళ్తే మతి పోయింది. 14 వేల సైకిల్‌కి 21 గేర్లు, ముందు సస్పెన్షన్, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, స్టాండు, మడ్‌గార్డులు, బెల్లు, పైగా లైటు ఫ్రీ. దాని పక్కనే 42 వేల సైకిల్. దానికి 16 గేర్లే. సస్పెన్షన్ లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు కూడా విడిగా కొనుక్కోవాలట. ఇదేం లెక్క? మూడు రెట్లు డబ్బు పెడితే సామాను సగానికి తగ్గుతుందా? షాపతన్ని అడిగితే "క్వాలిటీ సర్" అన్నాడు, ఇంకో ముక్క చెప్పలేదు. ఆ క్వాలిటీ ఎక్కడుందో విప్పి చెప్పేవాళ్ళు కావాలి. స్టిక్కర్ మీద పేరు కోసం డబ్బు పెట్టే ఉద్దేశం లేదు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 84 కిలోలు.

అట్లాస్_అభిమాని

14 వేలు కూడా దండగే. మా నాన్న పాత అట్లాస్ మీద తెనాలి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి బట్టలు అమ్మారు. వెనక క్యారేజీ మీద మూటలు, ముందు కడ్డీ మీద నేను. గేర్లు లేవు, డిస్కులు లేవు. ఆ సైకిల్ ఇప్పటికీ మా పెరట్లో ఉంది, గాలి కొడితే నడుస్తుంది. రెండు చక్రాలు, ఒక చైను, అంతే సైకిలంటే. మిగతావన్నీ అమ్ముకునేవాళ్ళ మాటలు.

చైను_నూనె

@అట్లాస్_అభిమాని ఆ అట్లాస్‌ని ఈ 14 వేల గేర్ల సైకిల్ పక్కన పెట్టకండి, అట్లాస్‌ని అవమానించినట్టు అవుతుంది. పాత నల్ల సైకిల్లో డబ్బంతా ఇనుములోకీ బేరింగుల్లోకీ పోయేది. ఇప్పుడు అదే డబ్బుని సస్పెన్షన్, డిస్కులు, గేర్లు అన్నిటికీ పంచేసరికి ఏ ఒక్కదానికీ చాలలేదు. చేతిలో 14 వేలే ఉంటే నేను గేర్లు లేని, సస్పెన్షన్ లేని సైకిల్ కొనమంటా. ఆ డబ్బుకి అదే గట్టి బండి.

అమీర్‌పేట్_హాస్టల్

ముందు కడ్డీ మీద కూర్చుని స్కూలుకెళ్ళిన బ్యాచ్ ఒకటి, అడ్డతొక్కుడు బ్యాచ్ ఒకటి. ఇద్దరూ వచ్చేశారంటే ఈ థ్రెడ్ వంద పోస్టులు దాటుతుంది 😄

బేరింగ్_బాబాయ్

విజయవాడలో రిపేరు షాపు నాది. విప్పి చూపించే పని నాకు వదిలేయండి.

వెనక చక్రం దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే చవక సైకిల్ ముందు చచ్చేది అక్కడే. 14 వేలదాంట్లో ఏడు పళ్ళచక్రాల గుత్తిని హబ్బు, అంటే చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగం, దాని మీద మర తిప్పి బిగిస్తారు. అది ఫ్రీవీల్. దాంట్లో కుడివైపు బేరింగ్ గుండ్లు ఫ్రీవీల్‌కి లోపలే ఆగిపోతాయి. అక్కణ్ణుంచి ఫ్రేమ్ దాకా ఇరుసుకి కింద ఆసరా ఏమీ ఉండదు. 84 కిలోల మనిషి గుంతలో దిగినప్పుడు దెబ్బంతా ఆ ఖాళీ ముక్క మీదే పడుతుంది. ముందు ఇరుసు వంగుతుంది, చక్రం ఊగుతుంది, తర్వాత ఒకరోజు ఇరుసు రెండు ముక్కలవుతుంది. నా డ్రాయర్‌లో అలా విరిగినవి బోలెడున్నాయి, కొనడానికి వచ్చినవాళ్ళకి చూపించడానికే ఉంచా.

42 వేలదాంట్లో ఫ్రీహబ్ ఉంటుంది. పళ్ళచక్రాల గుత్తిని, అంటే క్యాసెట్‌ని, దాని మీదికి తొడిగి చివర ఒక రింగు బిగిస్తారు. అప్పుడు కుడివైపు గుండ్లు ఫ్రేమ్ అంచుదాకా జరుగుతాయి. ఇరుసుకి రెండు చివర్లా ఆసరా దొరుకుతుంది. ఇంతే తేడా. బయటికి కనపడదు, షాపువాడు చెప్పడు, గుంతలున్న మన రోడ్ల మీద మాత్రం ప్రాణం దీనిలోనే ఉంది.

రెండోది స్పోకులు. షాపులోనే ఒక పని చేయండి. రెండు సైకిళ్ళ వెనక చక్రాలూ కొద్దిగా పైకెత్తి, కుడివైపు స్పోకుల్ని వేలితో ఒక్కొక్కటే మీటుకుంటూ వెళ్ళండి. సరిగ్గా కట్టిన చక్రం చుట్టూ ఒకే శ్రుతిలో పలుకుతుంది. చవకదాంట్లో ఒకటి టంగుమంటుంది, పక్కది మూగగా ఉంటుంది. మూగది పని చేయట్లేదు, టంగుమన్నది దాని బరువు కూడా మోస్తోంది. అది హబ్బు దగ్గర వంపులో తెగుతుంది. ఒకటి తెగాక వరసగా తెగుతూనే ఉంటాయి. ఎడమవైపు స్పోకులు కుడివాటికంటే వదులుగా పలుకుతాయి, అది లోపం కాదు, వెనక చక్రం కట్టే తీరే అంత.

సస్పెన్షన్ గురించి చెప్తే కొంతమందికి కోపం వస్తుంది. ఆ ధరలో వచ్చే ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే జోడు కాళ్ళు, రెండున్నర కిలోల దాకా బరువుంటుంది. లోపల ఒక స్ప్రింగు, దానికో ప్లాస్టిక్ దిండు. స్ప్రింగు తిరుగుదెబ్బని ఆపే నూనె ఏర్పాటు ఉండదు. నిలబడి తొక్కితే కాలి బలం కొంత దాన్ని నొక్కడానికే పోతుంది. రెండు వానాకాలాలు దాటితే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, అప్పుడది రెండున్నర కిలోల మామూలు ఫోర్కు.

నిజాంపేట్_టు_కొండాపూర్

@బేరింగ్_బాబాయ్ గారూ, ఇలాంటి జవాబు కోసమే అడిగా. మరి డిస్క్ బ్రేకులు? 42 వేలదాంట్లో చక్రం అంచుని రబ్బరుతో పట్టే మామూలు రిమ్ బ్రేకులే ఉన్నాయి. వెనక్కి వెళ్ళినట్టు కాదా?

బేరింగ్_బాబాయ్

కాదు. మంచి రిమ్ బ్రేకు చవక డిస్క్ కంటే బాగా ఆపుతుంది. చవక డిస్కులో ఒకవైపు ప్యాడ్ మాత్రమే కదిలి, పలుచటి రేకుని వంచి రెండోవైపు ప్యాడ్‌కి ఆనిస్తుంది. రేకు కాస్త వంకరపోయినా చక్రం తిరిగినంతసేపూ కిర్రుమంటుంది. అసలు డిస్క్ సుఖం హైడ్రాలిక్‌లో, అంటే కేబుల్ బదులు నూనె ఒత్తిడితో పనిచేసేదాంట్లో ఉంది. ఒక వేలితో నొక్కితే చాలు, వానలో కూడా పట్టు తప్పదు. రోజూ వానలో తొక్కేవాళ్ళకీ ఘాట్ దిగేవాళ్ళకీ దానికోసం డబ్బు పెట్టమంటా. మీరు వెళ్ళే దారికి రిమ్ బ్రేకు చాలు, రబ్బరు దిమ్మెలు మాత్రం మంచివి వేయించండి.

అమీర్‌పేట్_హాస్టల్

21 గేర్లకంటే 16 గేర్లు ఎలా మేలో అది కూడా ఎవరైనా చెప్పండి. నా లెక్క ప్రకారం 5 తక్కువ.

లెక్కల_మాస్టారు

గేర్లని అంకెతో కాదు, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉన్నాయో చూడాలి. 21 గేర్ల సైకిల్లో మామూలుగా ముందు 48, 38, 28 పళ్ళు, వెనక 14 నుంచి 28. అన్నిటికంటే బరువైన గేరు 48ని 14తో భాగిస్తే 3.43. తేలికైనది 28ని 28తో భాగిస్తే 1. అంటే ఒకసారి పెడల్ తిప్పితే చక్రం ఒక చుట్టు నుంచి దాదాపు మూడున్నర చుట్ల దాకా తిరుగుతుంది. 16 గేర్లదాంట్లో ముందు 46, 30, వెనక 11 నుంచి 34 అనుకోండి. బరువైనది 4.18, తేలికైనది 0.88. రెండు వైపులా ఎక్కువే దొరికింది. 21లో సగం ఒకదాన్ని పోలిన ఇంకొకటి, కొన్ని చైను అడ్డంగా లాగి రాసుకుపోయేవి, వాడకూడనివి.

ఇక బరువు గురించి అందరూ లేనిపోని టెన్షన్ పడతారు కాబట్టి అదీ చెప్తా. 300 మీటర్ల ఎత్తు కొండ తీసుకోండి. మనిషి, సైకిల్, నీళ్ళ సీసా కలిపి 90 కిలోలు. 150 వాట్ల బలంతో తొక్కితే, గాలి, టైరు రాపిడి పక్కన పెడితే, ఎక్కడానికి 29 నిమిషాల 24 సెకన్లు. సైకిల్ 5 కిలోలు తగ్గి మొత్తం 85 అయితే 27 నిమిషాల 46 సెకన్లు. తేడా 98 సెకన్లు. అంటే కిలోకి 20 సెకన్లు. చదును రోడ్డు మీద ఆ పాటి కూడా ఉండదు.

టైరు విషయం వేరు. గంటకి 25 కిలోమీటర్ల వేగంలో 85 కిలోల బరువుకి, బొడిపెలున్న చవక టైరుకీ నున్నటి మంచి టైరుకీ మధ్య 25 వాట్ల పైన తేడా వస్తుంది. 150 వాట్లు తొక్కే మనిషికి అది ఆరో వంతు. టైర్లకి పెట్టిన డబ్బులాగా తిరిగొచ్చే డబ్బు సైకిల్లో ఇంకెక్కడా లేదు.

కార్బన్_కాక

మాస్టారి లెక్క కరెక్టే, కానీ లెక్కలో పట్టనివి ఉన్నాయి. నా దగ్గర లక్షా ఎనభై వేల కార్బన్ ఫ్రేమ్ రోడ్ సైకిల్ ఉంది. గరుకు తారు మీద గంటల తరబడి తొక్కాక అల్యూమినియం సైకిల్‌తో చేతులు తిమ్మిరెక్కేవి. దీనితో ఎక్కవు. నిలబడి ఒక్క తోపు తోస్తే బండి ఆ క్షణమే ముందుకి దూకుతుంది. గేరు మార్చితే టక్‌మని పడుతుంది. 20 సెకన్లకి లక్ష పెట్టావా అని అడిగితే సమాధానం లేదు, కానీ తెల్లవారుజామున 4 గంటలకి నన్ను మంచం మీంచి లేపేది ఆ సైకిలే. దానికి విలువ కట్టొద్దా?

అట్లాస్_అభిమాని

@కార్బన్_కాక మా నాన్నని కూడా తెల్లవారుజామున 4 గంటలకి అట్లాసే లేపేది. అమ్మకాలకి వెళ్ళాలి కదా 😀

కార్బన్_కాక

😄 అన్నా, మీ నాన్నగారికి దండం. ఆ కాళ్ళకి నా సైకిల్ ఇస్తే మేమెవ్వరం అందుకోలేం.

పొట్టి_ఫ్రేమ్

ఇంతమంది ఇంత చెప్పారు, సైజు గురించి ఒక్కరూ అడగలేదు. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. చవక సైకిళ్ళు చాలావరకు ఒకే సైజులో వస్తాయి. సీటు దించేస్తే సరిపోతుందని ఇస్తారు. సీటు దించితే కాళ్ళు నేలకి అందుతాయి, కానీ హ్యాండిల్ దూరం ఎవరు తగ్గిస్తారు? ఆ సైకిల్ మీద మెడ, భుజాలు, అరచేతులు, ఒకటి కాదు. సైకిల్ తొక్కడం నా ఒంటికి పడదనే అనుకున్నారు ఇంట్లో అందరూ. తర్వాత ఎస్ సైజు ఫ్రేమ్ ఉన్న హైబ్రిడ్, అంటే రోడ్ సైకిల్‌కీ మౌంటెన్ సైకిల్‌కీ మధ్యరకం, కొన్నా. షాపులో ఒకావిడ నా కాలి పొడవు కొలిచి, హ్యాండిల్ కాడ ఇంకొంచెం పొట్టిది మార్చి ఇచ్చింది. నొప్పులు పోయాయి.

నేను ఎక్కువ ధర పెట్టి కొన్నది ముఖ్యంగా ఇదే. ఒకే మోడల్ మూడు నాలుగు సైజుల్లో తయారుచేసి, నిల్వ ఉంచి, కొలిచి ఇచ్చే పద్ధతి. ఆడవాళ్ళకి, పొట్టివాళ్ళకి, మరీ పొడుగువాళ్ళకి గేర్లకంటే ముందు ఇది కావాలి. మీ ఎత్తుకి చాలా కంపెనీల్లో ఎం సైజు వస్తుంది, కానీ ఎక్కి చూడకుండా కొనకండి. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి, అప్పుడు సీటు ఎత్తు దాదాపు సరిపోయినట్టు.

లెక్కల_మాస్టారు

@పొట్టి_ఫ్రేమ్ గారు చెప్పింది నా పోస్టులో ముందే ఉండాల్సిన సంగతి. కొంచెం వంగి కూర్చోగలిగితే గాలి ఆపే బలం కూడా బాగా తగ్గుతుంది. 25 కిలోమీటర్ల వేగంలో గాలే పెద్ద శత్రువు. ఒళ్ళు నొప్పెట్టని సైజు ఉంటేనే ఆ వంగడం నిలబడుతుంది.

భీమిలి_రోడ్డు

విశాఖ నుంచి ఒక మాట. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో చవక సైకిల్ బండారం ఏడాదిలోనే బయటపడుతుంది. నా పాతదానికి బోల్టులు, స్పోకులు, కేబుల్ గొట్టాల చివర్లు, చైను అన్నీ ఎర్రబడ్డాయి. హ్యాండిల్ కాడ బోల్టు తుప్పుతో తల అరిగి అల్లెన్ కీ తిరగడం మానేసింది. ఇప్పుడున్నదానికి స్టెయిన్‌లెస్ స్పోకులు, అల్యూమినియం రిమ్ములు. అదే బీచ్ రోడ్డు, అదే బాల్కనీ, మరక లేదు. దీన్ని ఎవ్వరూ బ్రోచర్లో రాయరు.

సిద్దిపేట_సైకిల్

మీరంతా పెద్ద ఊళ్ళల్ల ఉండి మాట్లాడుతున్నరు. మా దిక్కు సంగతి వినండి. నా సైకిల్ ఖరీదైందే, మస్తుగుంటది. కానీ గాలి పోతే సన్నటి వాల్వు, మా గల్లీలో ఉన్న పంపు దానికి పట్టదు. హైడ్రాలిక్ బ్రేకులో గాలి చేరితే తీసే మనిషి లేడు, హైదరాబాద్‌కి బస్సులో ఏసుకొని పోవాలె. అగ్గువ సైకిల్ పాడైతే మా మస్తాన్ భాయ్ సుత్తె, స్పానరు పట్టుకొని అరగంటలో తిప్పి ఇస్తడు. మీ ఊర్లో రిపేరు దొరుకుతదా లేదా అనేది కూడా ధరలో భాగమే.

చైను_నూనె

@సిద్దిపేట_సైకిల్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. సన్నటి వాల్వుకి మాత్రం చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, కాఫీ డబ్బులకి వచ్చేస్తుంది. ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి, ఏ పంక్చర్ షాపు పంపయినా పడుతుంది. మిగతాదానికి నా నియమం: పెద్ద ఊరికి దూరంగా ఉంటే వెనక 8 లేదా 9 పళ్ళచక్రాల గేర్ల సెట్టు, కేబుల్‌తో లాగే బ్రేకులు. అంతకు పైకి వెళ్ళొద్దు.

గేర్లు చేసే షిమానో కంపెనీ రోడ్ సైకిల్ సెట్ల పేర్లు చవకదాన్నుంచి వరసగా చెప్తా, షాపులో పనికొస్తుంది. క్లారిస్ వెనక 8, సోరా 9, టియాగ్రా 10, 105 అయితే 11, కొత్తదైతే 12. ఆ పైన అల్టెగ్రా, డ్యూరా-ఏస్. ఆ రెండూ 2021 నుంచి కొత్త తరంలో బ్యాటరీతో మారే గేర్లే. హైబ్రిడ్, మౌంటెన్ వైపు అయితే టూర్నీ, ఆల్టస్, అసేరా, అలీవియో, డియోర్. టూర్నీ నుంచి ఆల్టస్‌కో క్లారిస్‌కో ఎక్కినప్పుడు తేడా చేతికి తెలుస్తుంది. 105 దాటాక మామూలు మనిషికి తెలిసేది తక్కువ, చైను మార్చినప్పుడు బిల్లులో మాత్రం బాగా తెలుస్తుంది. 12 గేర్ల చైను, క్యాసెట్ ఖర్చుతో 8 గేర్లవి చాలా ఏళ్ళు నెట్టుకురావచ్చు.

కరీంనగర్_బ్రెవే

నేను బ్రెవేలు, అంటే ఇచ్చిన టైములోపు పూర్తిచేయాల్సిన దూరపు రైడ్లు తొక్కుతా. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. 200కి కావాల్సింది ఆగిన టైముతో కలిపి గంటకి 15 కిలోమీటర్ల లోపు సగటు. మామూలు హైబ్రిడ్ మీద హాయిగా పూర్తిచేసేవాళ్ళని చూశా, లక్షల సైకిల్ మీద మధ్యలో వదిలేసినవాళ్ళనీ చూశా. 200లో కాళ్ళు ఆగిపోవడం అరుదు. ఆగేది టైరు దగ్గర, చైను దగ్గర, నడుము దగ్గర.

నన్నడిగితే డబ్బు పెట్టాల్సిన వరస ఇది: నీకు సరిపడే ఫ్రేమ్, ఆ తర్వాత చక్రాలు, ఆ తర్వాత టైర్లు, ఆ తర్వాత గేర్లు. ఫ్రేమ్ కార్బనా అల్యూమినియమా అన్నది అన్నిటికంటే చివర. మన రోడ్ల పక్కన తుమ్మముళ్ళు ఉంటాయి, లోపల గట్టి పొర ఉన్న టైరు తీసుకోండి. కాస్త బరువైనా పర్లేదు. రాత్రి 2 గంటలకి హైవే మీద టార్చి నోట్లో పెట్టుకుని ట్యూబు మార్చేటప్పుడు ఎవరికీ గ్రాములు గుర్తురావు.

కార్బన్_కాక

@కరీంనగర్_బ్రెవే ఒప్పుకుంటా, కానీ ఫ్రేమ్ రకం చివర అనొద్దు. చక్రాలు, టైర్లు, గేర్లు తర్వాత మార్చుకోవచ్చు, ఫ్రేమ్ మార్చలేం. అల్యూమినియంలోనే రకాలున్నాయి. మంచివాటిల్లో గొట్టం చివర్లలో మందంగా, మధ్యలో పలచగా ఉంటుంది. అతుకు దగ్గర బలం, మధ్యలో బరువు తగ్గడం, రెండూ వస్తాయి. ఫ్రేమ్ మంచిది కొని మిగతావి నెమ్మదిగా మార్చుకోవడం తెలివైన పని.

కరీంనగర్_బ్రెవే

భాగాలుగా కొని మార్చుకుంటూ పోతే మొత్తం ఖర్చు రెట్టింపు అవుతుంది తమ్ముడూ. కంపెనీకి గేర్ల సెట్టు పడే ధరకి మనకి పడదు. మొదటిరోజే సరైన సెట్టుతో వచ్చిన సైకిల్ కొనడమే గిట్టుబాటు. ఇక్కడ నీ మాటతో కలవలేను.

బుజ్జిగాడి_నాన్న

మధ్యలో దూరుతున్నా. మావాడికి ఏడేళ్ళు, బరువు 22 కిలోలు. షాపులో చూపించిన 20 అంగుళాల సైకిల్‌ని నేనే ఒంటి చేత్తో ఎత్తలేకపోయా. లావు టైర్లు, ముందూ వెనకా సస్పెన్షన్. వాడికి అదే కావాలట.

లెక్కల_మాస్టారు

@బుజ్జిగాడి_నాన్న బరువు గురించి నేను పట్టించుకోవద్దన్నది పెద్దవాళ్ళకి. 22 కిలోల పిల్లాడికి 13 కిలోల సైకిలంటే వాడి బరువులో సగం దాటింది. 84 కిలోల మనిషికి 50 కిలోల సైకిల్ ఇచ్చి తొక్కమన్నట్టు. పిల్లల సైకిల్లో తేలిక కోసం పెట్టే ప్రతి రూపాయికీ అర్థం ఉంది. సస్పెన్షన్ లేనిది, బ్రేకు పిడి వాడి వేళ్ళకి అందేది చూడండి. బ్రేకు వాడితోనే నొక్కించండి, మీరు కాదు.

టెక్సాస్_తెలుగు

డల్లాస్ దగ్గర ఉంటా. ఇక్కడ కొత్తది కొనడం మానేసి పాతవి వెతుకుతాం. ఎక్కువ ధర సైకిళ్ళు కొని గరాజ్‌లో వేలాడదీసి రెండేళ్ళకి సగం ధరకి అమ్మేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇండియాలో అలా దొరకవా? ఒక సంగతి ఏంటంటే ఇక్కడి ధరని రూపాయల్లోకి మార్చి అక్కడి ధరతో పోలిస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

చైను_నూనె

దిగుమతి సుంకం తగిలితే అంతే మరి. దిగుమతయ్యే సైకిళ్ళ మీద కస్టమ్స్ సుంకాన్ని 2023 బడ్జెట్‌లో 30 నుంచి 35 శాతానికి పెంచారు. ఇటు చూస్తే 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. @నిజాంపేట్_టు_కొండాపూర్ బిల్లు తీసుకునేటప్పుడు 5 శాతమే వేశాడో లేదో చూసుకో. పాత స్టాకు మీద పాత స్టిక్కరే ఉండొచ్చు.

పాత సైకిళ్ళు మన దగ్గరా బాగానే దొరుకుతున్నాయి. లాక్‌డౌన్‌లో కొని మూల పెట్టినవి ఇంకా బయటికి వస్తున్నాయి.

అట్లాస్_అభిమాని

లాక్‌డౌన్ అంటే గుర్తొచ్చింది. 1951లో సోనీపత్‌లో పుట్టిన అట్లాస్ 2020 జూన్ 3న సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆపేసింది. అదే రోజు ప్రపంచ సైకిల్ దినం. ఊరంతా సైకిళ్ళ కోసం ఎగబడిన ఏడాదిలో ఆ కంపెనీ మూతపడటం ఇప్పటికీ మింగుడుపడదు.

నిజాంపేట్_టు_కొండాపూర్

ఇవాళ మళ్ళీ రెండు షాపులు తిరిగొచ్చా. స్పోకులు మీటుతుంటే షాపు కుర్రాళ్ళు నా మొహం చూశారు, నేను మాత్రం ఆపలేదు. 14 వేలదాంట్లో నిజంగానే కొన్ని మూగగా ఉన్నాయి. 42 వేలది చుట్టూ ఒకేలా పలికింది.

అసలు వింత ఇది కాదు. రెండో షాపులో 31 వేల సైకిల్ ఒకటి చూపించారు. అల్యూమినియం ఫ్రేమ్, మెరిసే పెయింటు, పేరున్న స్టిక్కర్, లావుపాటి సస్పెన్షన్. ఫ్రీవీలా క్యాసెట్టా అని అడిగితే తెలీదన్నారు. వెనక 7 పళ్ళచక్రాలు. ఫోటో పెడుతున్నా, @బేరింగ్_బాబాయ్ గారూ ఒకసారి చూడండి.

బేరింగ్_బాబాయ్

ఫ్రీవీలే. పళ్ళచక్రాల గుత్తి చివర క్యాసెట్‌ని బిగించే రింగు లేదు, ఫ్రీవీల్‌లో మధ్య భాగం కూడా పళ్ళతో కలిసి తిరగకుండా నిలిచి ఉంటుంది. చక్రం కదలకుండా పట్టుకుని పళ్ళచక్రాల్ని చేత్తో వెనక్కి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. 31 వేలు పెట్టి 14 వేలదాని వెనక చక్రమే ఇస్తున్నారు. మిగిలింది పెయింటుకి, సస్పెన్షన్‌కి పోయింది. ధర పెరిగిందంటే లోపలి సామాను పెరిగిందని అనుకోకూడదని నేను రోజూ చెప్పేది ఇందుకే.

సిద్దిపేట_సైకిల్

గట్లనే ఉంటది. 31 వేలకి ఫ్రీవీల్ అమ్మేటోనికి సిగ్గుండాలె.

భీమిలి_రోడ్డు

ఆ ధరలో సస్పెన్షన్ లేని హైబ్రిడ్ అడిగితే క్యాసెట్ ఉన్నది దొరకొచ్చు. సస్పెన్షన్ వదిలేసిన కంపెనీ ఆ డబ్బుని వెనక చక్రంలో పెట్టగలదు.

నిజాంపేట్_టు_కొండాపూర్

42 వేలదాని మీద ఎక్కి చూశా. ఎం సైజు సరిపోయింది, ఎస్ మీద మోకాళ్ళు ఇరుకుగా అనిపించాయి. పాతది కూడా ఒకటి దొరికింది, అదే మోడల్, మియాపూర్‌లో 24 వేలు అంటున్నారు. మూడేళ్ళ పాతది. ఏం చూసి కొనాలి?

చైను_నూనె

ఒక స్కేలు తీసుకెళ్ళు, అంగుళాలున్నది. చైను పైభాగం బిగువుగా ఉన్నప్పుడు ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టు. కొత్త చైనైతే 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను సరిగ్గా నిలుస్తుంది. పిన్ను 12 దాటి అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు జరిగితే చైనుతో పాటు క్యాసెట్ కూడా అయిపోయినట్టే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమను. ఎవరూ చైను కొలవరు, నువ్వు స్కేలు తీయగానే అమ్మేవాళ్ళ గొంతు తగ్గుతుంది.

కరీంనగర్_బ్రెవే

టైరు పక్కల పగుళ్ళు చూడండి. మూలన పడున్న సైకిల్‌కి రబ్బరు పోతుంది, తొక్కకపోయినా. టైర్లు, ట్యూబులు, కేబుళ్ళు ఎలాగూ కొత్తవి వేయాలనుకుని లెక్క వేసుకోండి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, పంపు, మంచి తాళం కూడా కలపండి. కొత్తదైనా పాతదైనా ఈ ఖర్చు తప్పదు. తాళం విషయంలో మాత్రం పిసినారితనం వద్దు.

పొట్టి_ఫ్రేమ్

రెండు చేతులూ వదలకుండా, హ్యాండిల్ తేలిగ్గా పట్టుకుని నెమ్మదిగా తిన్నగా తొక్కి చూడండి. పక్కకి లాగుతుంటే ఫ్రేమో ఫోర్కో దెబ్బ తిన్నట్టు. అది ఎంత తగ్గించినా వద్దు.

బేరింగ్_బాబాయ్

సైకిల్ తిరగేసి పెడల్ ఇరుసు గూటి కింద ఫ్రేమ్ నంబరు ఉందో లేదో చూడు. గీకేసి ఉంటే దొంగ సొత్తు కావచ్చు, మాట్లాడకుండా వచ్చేయ్. నంబరు ఉంటే అసలు బిల్లు అడుగు, రెండూ ఫోటో తీసి పెట్టుకో. అవన్నీ సరిగ్గా ఉంటే ఆ 24 వేలది తీసుకో, కొత్తది వద్దు. మిగిలిన డబ్బులో టైర్లు మార్చించి, చక్రాలు రెండూ తెలిసిన మెకానిక్‌తో ఒకసారి బిగువు చూపించు. కొండాపూర్ వైపు చక్రాలు కట్టడం తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు, నంబరు మెసేజ్‌లో పంపుతా.

నిజాంపేట్_టు_కొండాపూర్

శనివారం పొద్దున మియాపూర్ వెళ్తున్నా. స్కేలు బ్యాగులో పెట్టేశా. బాబాయ్ గారూ, నంబరు పంపండి.